ఇద్దరు టీచర్లున్న బడిలో కళలు: ఊరిని ఏం అడగాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. గోదావరి లంక ఊళ్ళో మండల పరిషత్ ప్రాథమిక (ఎం.పి.పి.) స్కూలు, ఒకటి నుంచి ఐదు వరకు 41 మంది పిల్లలు, మీతో కలిపి ఇద్దరు టీచర్లు. టైమ్ టేబుల్లో కళలకు శనివారం ఆఖరి పీరియడ్ రాసి ఉంది గానీ, అది లెక్కలకో, యాప్‌లో వివరాలు ఎక్కించడానికో పోతోంది. డ్రాయింగ్ మాస్టారు లేరు. మీకు పాట రాదు, బొమ్మ రాదు. తల్లిదండ్రులేమో "కాన్వెంటులో ఇంగ్లీషు చెప్తున్నారు, మీరు గంతులేయిస్తున్నారు" అంటున్నారు. స్కూలు కమిటీ చైర్మన్ గారు జనవరి 26కి మంచి డాన్స్ ప్రోగ్రాం కావాలంటున్నారు. ఇన్నిటి మధ్యలో పిల్లలకు కళలు ఎలా చెప్పాలి, ఊరివాళ్ళని ఎలా కలుపుకోవాలి అని మీ ప్రశ్న.

నేను గోదావరి పాయ వశిష్ఠకి అటూ ఇటూ ప్రాథమిక బడుల్లోనే పనిచేసి రిటైరయ్యాను. నాకు తెలిసింది ముందు ఒక్క ముక్కలో చెప్తాను: ఊరిని చందా అడక్కండి, చేతిపని అడగండి. మీకు పాట రాకపోయినా ఫర్వాలేదు. పాట వచ్చినవాళ్ళు ఊళ్ళో ఎవరో మీకు తెలిస్తే చాలు.

డ్రాయింగ్ మాస్టారు వస్తారేమోనని మాత్రం ఎదురుచూడొద్దు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడండి. కళలు, వ్యాయామం, పని విద్యలకు పార్ట్‌టైమ్ బోధకుల మాట అందులో ఉంది, కానీ అది ఆరు నుంచి ఎనిమిది తరగతులకి, అదీ వందమంది పిల్లలు దాటితేనే. ప్రాథమిక బడికి 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, అంతే. మరోపక్క 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి అంది. 2020 విద్యావిధానం ఇంకో అడుగు వేసి కళని పాఠంలోనే కలిపి చెప్పమంది. అంటే పని ఉంది, మనిషి లేడు. ఆ మనిషిని ఊళ్ళోంచి తెచ్చుకోవాలి. "పాఠంలో కలిపి" అన్నమాట కూడా మన మంచికే అనుకోండి. శనివారం ఆఖరి పీరియడ్ మీద కొట్లాడే పని తప్పుతుంది. లెక్కల పీరియడ్లోనే ముగ్గు వేయిస్తే అడిగేవాడు లేడు.

చందా ఎందుకు వద్దన్నానంటే, మన డెల్టాలో బడికి డబ్బు ఇచ్చేవాళ్ళకి కొదవ లేదు. అమెరికాలో ఉన్నాయన గేటు కట్టిస్తారు, రొయ్యల చెరువులున్నాయన వాటర్ ప్లాంట్ పెట్టిస్తారు, ఇంకొకరు బెంచీలిస్తారు. పేరు రాయించుకుంటారు, ఫోటో దిగుతారు, వెళ్ళిపోతారు. తప్పు పట్టడం లేదు, ఆ బెంచీల మీద పిల్లలు కూర్చుంటున్నారు కదా. కానీ డబ్బు అడిగిన ప్రతిసారీ ఊళ్ళో పది ఇళ్ళు మాత్రమే బడికి దగ్గరవుతాయి. ఇవ్వలేనివాళ్ళు మీటింగుకి రావడం కూడా మానేస్తారు. అదే "మీ అమ్మమ్మ గారికి గొబ్బిపాటలు వచ్చటగా, ఒక గంట వచ్చి పిల్లలకి నేర్పుతారా" అని కబురు పెట్టండి. ఆవిడ ఉతికిన చీర కట్టుకుని పావుగంట ముందే వస్తుంది.

ఎవరికి ఏం వచ్చో తెలుసుకోవడం మొదటి పని. ఇంటింటి సర్వే పెట్టుకోకండి, ఆ పేరు వింటేనే జనం ఏదో పథకం కోత అనుకుంటారు. పిల్లలకి ఇంటిపనిగా ఇవ్వండి. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఇంట్లో వాళ్ళనీ, చుట్టుపక్కల రెండిళ్ళనీ అడిగి, "చేత్తో ఏం చెయ్యడం వచ్చు, నోటితో ఏం పాడడం వచ్చు" అని నోటుబుక్కులో రాసుకురావాలి. చిన్నవాళ్ళు బొమ్మ గీసుకొస్తారు. ఇది తెలుగు రాతపని కూడా. వచ్చే జవాబులు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. కొబ్బరి దింపుకెళ్ళే తాతకి కొబ్బరాకుతో చిలక, పాము, బూర, వాచీ చెయ్యడం వస్తుంది. ఒకావిడకి వరినాట్లప్పుడు పాడే ఊడ్పుల పాటలు వస్తాయి. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ కోలాటం జట్టులో ముందు నిలబడి పాడే మనిషి అయి ఉంటుంది, మీరు రోజూ ఆవిడతో పప్పులో ఉప్పు గురించే మాట్లాడుతుంటారు. ఒకాయన పరిషత్తు నాటకాలకి మేకప్ వేసినవాడు. ఇంకొకాయన ఫ్లెక్సీలు రాకముందు గోడల మీద బోర్డులు రాసేవాడు, ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. ఆయన చేత మీ బడి గోడ మీద అక్షరాలు రాయించండి. 'ణ', 'ఱ', 'క్ష' ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో పిల్లలు పక్కన నిలబడి చూస్తే, మీరు నెల రోజులు దిద్దించినంత ఫలితం.

పిలిచే వేళ చూసుకోండి, చాలామంది టీచర్లకి దెబ్బతగిలేది ఇక్కడే. జులై, ఆగస్టుల్లో ఊడ్పులు. అదే నెలల్లో గోదావరికి వరద, ధవళేశ్వరం దగ్గర హెచ్చరికలు పెరుగుతుంటే లంకల్లో ఎవరికీ పాటలు పాడే ఓపిక ఉండదు, ఒక్కోసారి మీ బడే పునరావాస కేంద్రం అవుతుంది. నవంబరు, డిసెంబరుల్లో సార్వా (ఖరీఫ్) కోతలు, సంక్రాంతి వెళ్ళగానే దాళ్వా (రబీ) నాట్లు. రొయ్యల ప్లాంటుకి వెళ్ళే తల్లులు చీకటితో బస్సెక్కి పొద్దుపోయాక దిగుతారు. కాబట్టి పగటిపూట మీకు దొరికేది తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలే. మంచిదే, పాటలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. తల్లి గల్ఫ్‌కి వెళ్ళి అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలు మన వైపు ప్రతి బడిలో ఉంటారు. ఆ తల్లిని కూడా ఊరి లెక్కలోంచి తీసెయ్యకండి. కువైట్ నుంచి ఒకావిడ తన చిన్నప్పటి జోలపాట వాట్సాప్‌లో పాడి పంపితే, మేం ఫోన్ బల్ల మీద పెట్టి రెండో తరగతి అంతటికీ వినిపించాం. పాటలో మాటలు బోర్డు మీద రాసి చదివించాం. ఆవిడ ఆ తర్వాత ప్రతి శుక్రవారం, అక్కడ సెలవు కాబట్టి, ఏదో ఒక మెసేజ్ పెట్టేది. కమిటీ మీటింగుకి ఒక్కసారి కూడా రాలేని మనిషి ఆవిడ.

దేనితో మొదలుపెట్టాలి అంటే నా ఓటు ముగ్గుకి. ఖర్చు లేదు, గురువులు ప్రతి ఇంట్లో ఉన్నారు, తల్లిదండ్రులు నోరెత్తలేరు, పైగా లెక్కలు నిండా ఉన్నాయి. ఇద్దరు అమ్మమ్మలని పిలిచి వరండాలో ఒకరి చేత ఎదురు చుక్కల ముగ్గు, ఇంకొకరి చేత సందు చుక్కల ముగ్గు పెట్టించండి. ఎదురు చుక్క అంటే చుక్క కింద చుక్క, సందు చుక్క అంటే రెండు చుక్కల మధ్య ఖాళీలో మూడో చుక్క. ఏడు చుక్కలతో మొదలుపెట్టి ఎదురు చుక్కలు ఒకటి వరకు తెచ్చారనుకోండి. మధ్య వరస ఏడు, పైన ఐదు, మూడు, ఒకటి, కింద కూడా అంతే. మొత్తం ఎన్ని? పిల్లలు ముందు వేలు పెట్టి లెక్కపెడతారు, 25 వస్తుంది. అప్పుడు తొమ్మిదితో మొదలెట్టి ఐదు వరకు సందు చుక్క పెట్టించండి. మధ్య తొమ్మిది, అటూ ఇటూ ఎనిమిది, ఏడు, ఆరు, ఐదు. ఈసారి వేలు పెట్టనివ్వకండి. పైభాగం కూడి, రెండింతలు చేసి, మధ్య తొమ్మిది కలపాలని ఐదో తరగతిలో ఎవరో ఒకరు కనిపెడతారు. 26, దాని రెట్టింపు 52, తొమ్మిది కలిపితే 61. ఆ అమ్మమ్మ ఏనాడూ లెక్కపెట్టలేదు, ఆవిడ చెయ్యి పెట్టుకుపోతుంది. ఆవిడ ముగ్గులో 61 చుక్కలు ఉన్నాయని మనవరాలు చెప్తే ఆవిడ మొహం చూడాలి.

మగపిల్లలు "మేం ముగ్గు వెయ్యం" అంటారు. వేయించండి. చుక్క తప్పితే గీత కలవదు, కలవకపోతే వాళ్ళకే రోషం వస్తుంది. నాలుగో వారానికి "ఇది ఆడపిల్లల పని" అనే మాట వినపడదు.

డప్పు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలా బడులు దాన్ని దాటేస్తాయి. మీ ఊళ్ళోనూ డప్పు కొట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళని బడికి పిలవండి, పాఠం చెప్పడానికి పిలవండి. ఊరేగింపు ముందు నడిపించడానికైతే ఎవరైనా పిలుస్తారు. మా బడికి వచ్చినాయన ముందు నాలుగు ఎండు కొబ్బరాకులు వెలిగించి డప్పుని సెగకి చూపించాడు. సెగ పెట్టకముందు ఒక దెబ్బ వేశాడు, అట్టపెట్టె మీద కొట్టినట్టు చప్పిడిగా మోగింది. అటూ ఇటూ తిప్పుతూ సెగ చూపించి మళ్ళీ కొట్టాడు, ఖంగుమంది. "ఏమైందిరా?" అని ఆయనే అడిగాడు. తోలులో తడి ఆరి బిగుసుకుందని, వానాకాలం అయితే ఇంకా ఎక్కువసేపు సెగ పట్టాలని ఆయనే చెప్పాడు. మీ పరిసరాల విజ్ఞానం పాఠం అక్కడే అయిపోయింది. తర్వాత కుడిచేతిలో సిర్ర అనే లావు పుల్ల, ఎడమచేతిలో చిటికెన పుల్ల అనే సన్న పుల్ల వేరువేరుగా ఎలా మాట్లాడతాయో చూపించాడు. మేం దాన్ని లెక్కల్లోకి తెచ్చుకున్నాం. సగం తరగతి "తకిట" అని మూడు, సగం తరగతి "తకధిమి" అని నాలుగు చప్పట్లు, ఇద్దరూ ఒకే వేగంతో. మొదటి చప్పట్లు మళ్ళీ ఎప్పుడు కలుస్తాయి? పన్నెండు లెక్క అయ్యాక. క.సా.గు. అంటే ఐదో తరగతి పిల్లలకి చెమటలు పడతాయి గానీ, చెవితో విన్న పన్నెండుని మర్చిపోరు.

ఆయన వచ్చిన రోజు ఒక్కటి జాగ్రత్తగా చూసుకోండి. కుర్చీ. హెచ్.ఎం. గారికి, సర్పంచ్ గారికి ఎలాంటి కుర్చీ వేస్తారో ఆయనకీ అదే కుర్చీ, అదే వరసలో. టీ అందరి గ్లాసులతో పాటే. పిల్లలు ఆయన్ని "మాస్టారూ" అని పిలవాలి. మన వైపు కులం ఎక్కడెక్కడ దాక్కుని ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్దలు గొణిగితే గొణగనివ్వండి. పిల్లలు మాత్రం కుర్చీనే గమనిస్తారు. ఆ పిల్లల్లో ఆయన మనవడు ఉంటే అసలు పాఠం వాడికే.

మతం సంగతి కూడా ఇలాగే తెలివిగా నడపాలి. మీ బడిలో చర్చికి వెళ్ళే కుటుంబాలు సగమైనా ఉంటాయనుకుంటాను. గొబ్బెమ్మకి దణ్ణం పెట్టించడం, గరగలు ఎత్తించడం బడిలో వద్దు, అవి జాతరలో అందంగా ఉంటాయి. కానీ వాటి వెనక చేతిపని అందరిదీ. కోనసీమలో కనుమ రోజున జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ నుంచి వెదురుతో కట్టి అలంకరించిన ప్రభలు వస్తాయి కదా. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఢిల్లీలో మన రాష్ట్ర శకటం కూడా ప్రభల తీర్థమే. ప్రభ కట్టాలంటే వెదురు చీల్చాలి, వంచాలి, ముడి జారకుండా కట్టాలి, రంగు కాగితం అంటించాలి. సరిగ్గా అవే పనులు క్రిస్మస్ నక్షత్రానికీ కావాలి. డిసెంబరులో వెదురు బద్దలతో నక్షత్రం, జనవరిలో అదే వెదురు బద్దలతో బుజ్జి ప్రభ. చీల్చడం పెద్దవాళ్ళ పని, పిల్లల చేతికి కత్తి ఇవ్వొద్దు. ముడులు మాత్రం పిల్లలే కట్టాలి. నక్షత్రానికి ఐదు బద్దలు సమానంగా లేకపోతే ఒక కొన వంకర పోతుంది, స్కేలు ఎందుకు పెట్టి కొలవాలో అప్పుడు అర్థమవుతుంది. మా దగ్గర ప్రభలు కట్టే ఆయనే నక్షత్రాలూ కట్టించాడు. ఎవరూ ఏమీ అనలేదు, అనడానికి ఏమీ లేదు కూడా.

మీరు నర్సాపురం వైపు వాళ్ళకి దగ్గరైతే అల్లికల ఆడవాళ్ళని వదలకండి. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన క్రోషే లేసు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటి పని అయింది, 2024లో జి.ఐ. (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. పని చేసే ఆడవాళ్ళకి గిట్టేది మాత్రం తక్కువే, అది వేరే చర్చ. చిన్నపిల్లలకి సూది ఇవ్వకుండా పురికొసతో వేళ్ళ మీదే గొలుసు అల్లడం నేర్పిస్తారు. ఒక మడత, దాంట్లోంచి ఇంకో మడత, లాగడం. అంతే, కానీ నలభై మడతలు లెక్క తప్పకుండా వెయ్యాలంటే ఒకటో తరగతి పిల్లవాడికి గొప్ప సాధన. వేళ్ళలో పట్టు వస్తుంది, పెన్సిలు పట్టుకోవడం మెరుగవుతుంది.

ఇక "చదువు చెప్పకుండా గంతులా" అనే మాట. దీనికి నోటితో జవాబు చెప్పకండి, గెలవలేరు. నోటుబుక్కు చూపించండి. ప్రతి కళ పని తర్వాత పిల్లలు నాలుగు వాక్యాలు రాయాలి: ఎవరు వచ్చారు, ఏం నేర్పారు, ఎలా చేశాం, ఎక్కడ చెడింది. బొమ్మ ఒక పక్క, రాత ఒక పక్క. నెలాఖరున ఆ పుస్తకం ఇంటికి పంపి తల్లిదో తండ్రిదో సంతకం తీసుకోండి. చదవడం రాని తల్లికి పిల్లాడే చదివి వినిపించాలి. వ్యాన్ ఎక్కి కాన్వెంటుకి వెళ్ళే పక్కింటి పిల్లాడు ఎక్కాలు అప్పజెప్తాడు, మీ పిల్ల "ఈ వాక్యాలు నేనే రాశాను" అంటుంది. తేడా తల్లికి కనపడుతుంది.

అన్నిటికంటే చదువుకి దగ్గరగా ఉండేది బొమ్మలాట. మన కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాటకి పేరున్న ఊరు. మేకతోలుని పలచగా చేసి, చిల్లులు పొడిచి, రెండువైపులా రంగులేసి చేసే బొమ్మలు అవి, తెర వెనక దీపం వెలిగితే రంగులు మెరుస్తాయి. రాముడు, రావణుడు ఎంత సేపు ఆడినా పిల్లలు ఎదురుచూసేది మధ్యలో వచ్చి నవ్వించే జుట్టుపోలిగాడు, బంగారక్కల కోసమే. వీలైతే ఒక కళాకారుడిని పిలిపించండి, కానీ ఆయన్ని ఉచితంగా అడగొద్దు. ఇక్కడ నా లెక్క వేరు. ఊళ్ళో అమ్మమ్మ ఒక గంట వచ్చి ముగ్గు పెట్టడం పొరుగు సాయం. ఆట ఆడి బతికేవాడిని ఉత్తినే రమ్మనడం కూలి ఎగ్గొట్టడమే. దారి ఖర్చు, ఆట ఖర్చు ముందే మాట్లాడుకోండి. గేటు మీద పేరు రాయించుకునే దాతల్ని అడగాల్సింది ఇలాంటి దానికే.

ఆయన రాకపోయినా మీ తరగతిలో ఆట ఆడొచ్చు. పాత శుభలేఖలు పోగెయ్యండి, మన ఊళ్ళలో ప్రతి ఇంట్లో అలమరా మీద కట్ట ఉంటుంది. ఆ అట్టతో బొమ్మ కత్తిరించి, చెయ్యి విడిగా కత్తిరించి భుజం దగ్గర దారంతో ముడెయ్యండి, వెనక కొబ్బరి ఈనె అంటించండి. తెరకి తెల్ల పంచె, వెనక టార్చిలైటు. బొమ్మని పంచెకి ఆనిస్తే నీడ చిన్నగా, గీత గీసినట్టు ఉంటుంది. లైటు వైపు జరిపితే పెద్దదై అంచులు చెదురుతాయి. ఇది చెప్పకుండా వదిలెయ్యండి, పిల్లలే కనిపెట్టి రాక్షసుణ్ణి లైటు దగ్గర, కుందేలుని తెర దగ్గర పెడతారు. అసలు లాభం మాటల్లో ఉంది. తెర వెనక ఉన్నవాడు కాగితం చూసి చదవొచ్చు, ఎవరికీ కనపడడు. అందుకని కంఠస్థం అక్కర్లేదు, కానీ తడుముకుంటే ఆట చెడుతుంది. మీరు చదవమని అడక్కుండానే పిల్లలు ఒకే పేజీని పదిసార్లు గట్టిగా చదువుకుంటారు. కూడబలుక్కుని చదివే మూడో తరగతి పిల్లలకి ఇంతకంటే మంచి మందు నాకు దొరకలేదు. కథలు మీ తెలుగు వాచకంలోవే తీసుకోండి, సంభాషణలు పిల్లల చేతే రాయించండి. రాక్షసుడు గోదావరి యాసలో "ఏటండీ, ఆకలేత్తంది" అంటే దిద్దకండి.

రంగులకి డబ్బు తగలెయ్యక్కర్లేదు. పసుపు, దాంట్లో సున్నం కలిపితే ఎరుపు, బచ్చలి పళ్ళు నలిపితే ఊదా, బొగ్గు, ఇటుక పొడి. సున్నం మీరే కలపండి, కంట్లో పడితే ప్రమాదం. బంకమట్టి ఊళ్ళో కుమ్మరి ఉంటే ఆయన దగ్గర, లేకపోతే వినాయకచవితికి మట్టి ప్రతిమలు చేసేవాళ్ళ దగ్గర అడగండి. పిల్లల్ని మట్టి కోసం కాలవ గట్టుకి, రేవుకి ఎట్టి పరిస్థితుల్లోనూ పంపొద్దు, మీరు వెంట ఉన్నా సరే. నీళ్ళ మధ్య ఊరు కదా అని మనకి భయం తగ్గిపోతుంది.

వీలు చిక్కితే ఏడాదికొకసారి రాజమహేంద్రవరం తీసుకెళ్ళండి. చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేరు మీద చిత్రశాల ఉంది. 1897లో పుట్టి, 28 ఏళ్ళు నిండకుండానే 1925లో పోయిన మనిషి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే దొర ఆ కుర్రాడి చేతిని గుర్తించి ప్రోత్సహించాడు. గీసేవాడు తనంత తాను పుట్టడు, చూసేవాడొకడు ఉండాలని నేను టీచర్లకి చెప్పేది ఈ ఒక్క ఉదాహరణే. అదే దారిలో ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, బ్యారేజీ. రెండూ ఒకరోజులో అవుతాయి. చిత్రశాలలో పిల్లల్ని లైను కట్టించి తిప్పకండి. ఒక్కొక్కరు ఒక్క బొమ్మ ముందు కూర్చుని, ఇంటికొచ్చాక దాంట్లో ఏమేం ఉన్నాయో చెప్పాలి, అంతే.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. బయటివాళ్ళు వచ్చి నేర్పుతారని స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో తీర్మానం రాసి సంతకాలు పెట్టించండి. చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళే ఉండాలి, కాబట్టి తీర్మానానికి బలం ఉంటుంది. మండల విద్యాధికారి (ఎం.ఈ.ఓ.) గారికి ఒక కాపీ. వచ్చిన మనిషి ఎంత తెలిసినవాళ్ళైనా పిల్లలతో ఒంటరిగా ఉంచొద్దు, మీరో, రెండో టీచరో గదిలో ఉండాలి. పిల్లల ఫోటోలు తల్లిదండ్రుల్ని అడక్కుండా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. యాప్‌లో ఎక్కించాల్సినవి ఎక్కించండి, అది తప్పదు.

చైర్మన్ గారి డాన్స్ ప్రోగ్రాం గురించి. సినిమా పాటకి పిల్లలు గంతులేస్తే నాకేమీ ఇబ్బంది లేదు, ఇంట్లో వాళ్ళు చేసేదే. నా గొడవ డాన్స్ మాస్టారుతో. బయటినుంచి వస్తాడు, బాగా వేసే ఎనిమిది మందిని ఏరుకుంటాడు, మిగతా వాళ్ళు నెలరోజులు గోడకి ఆనుకుని చూస్తారు. డ్రెస్సుల అద్దె తల్లుల మీద పడుతుంది, కట్టలేని తల్లి ఆ రోజు పిల్లని బడికి పంపదు. చైర్మన్ గారికి కాదని చెప్పకండి, మాటామాటా పెరుగుతుంది. "41 మందీ స్టేజీ మీద ఉండేలా చేస్తానండీ, ఖర్చు లేకుండా" అనండి. తన మనవడో, మేనల్లుడో తప్పకుండా కనిపిస్తాడని తెలిస్తే ఆయనే మైకు సెట్టు మాట్లాడతారు.

కార్యక్రమంలో ఒకటీ రెండూ తరగతులు వంటావిడ నేర్పిన కోలాటం, మూడో తరగతి డప్పు మాస్టారితో చప్పట్ల తాళం, నాలుగూ ఐదూ బొమ్మలాట. అయితే ఒక చిక్కుంది. జనవరి 26 పొద్దున్న జెండా దగ్గర ఎండలో నీడబొమ్మలు కనపడవు. కాబట్టి జెండా కార్యక్రమం పొద్దున్న మామూలుగా కానిచ్చి, ఆట సాయంత్రం చీకటి పడ్డాక పెట్టండి. ప్లాంటు బస్సు దిగిన తల్లులూ వస్తారు, నాట్ల నుంచి వచ్చినవాళ్ళూ స్నానం చేసి వస్తారు. సాయంత్రం బడి తెరవడానికి ఎం.ఈ.ఓ. గారికి ముందే చెప్పండి. సంక్రాంతి సెలవులు మధ్యలో పడతాయి, పిల్లలు అమ్మమ్మగారి ఊళ్ళకి పోయి నేర్చుకున్నది మర్చిపోయి వస్తారు, అందుకని బొమ్మలు, సంభాషణలు డిసెంబరు ఆఖరుకే అయిపోవాలి. పండగ తర్వాత మిగిలిన రోజులు చదివి ఆడుకోవడానికే. కరెంటు పోతుందని టార్చి రెండు జతల బ్యాటరీలతో పెట్టుకోండి. పంచెకి ముందురోజే ఇస్త్రీ చేయించి నాలుగు మూలలా గట్టిగా లాగి కట్టండి, ముడత ఉంటే రావణుడి ముక్కు రెండు ముక్కలుగా కనపడి జనం తప్పు చోట నవ్వుతారు.